మా పద్మిని అజ్ఞాతవాసం

పాండవులు బేరం తెలిసినవాళ్లు. అజ్ఞాతవాసం ఒక్క ఏడాదికే ఒప్పుకున్నారు. మా కారుకు ముప్పై అయిదేళ్లు పడింది.

కారు 1984 నాటి ప్రీమియర్ పద్మిని. కాగితాల్లో పద్మిని, మా వీధిలో ఫియట్. అప్పట్లో కారుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంబాసిడర్‌కు కట్టాలా, దీనికి కట్టాలా అని మా నాన్న నెల రోజులు ఆలోచించి, చివరికి తిరుచానూరు అమ్మవారి పేరు కలిసిందని దీనికే కట్టాడు. ఇంజను 1089 సీసీ, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. ఇంతకు మించిన సాంకేతిక పరిశీలన మా వంశంలో ఎవరూ చేయలేదు.

ఇక శిక్ష సంగతి. మన దేశంలో సొంత కారుకు ఆర్‌సీ 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని తీసుకుపోయి, ఇది ఇంకా బతికే ఉందని చూపించుకోవాలి. పెన్షనర్లు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు చూడండి, అట్లాగన్నమాట. అందుకు 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2024లో నేనూ కట్టాను. కౌంటర్లో కుర్రవాడు నా ముఖం, ఆర్‌సీ మీది సంవత్సరం మార్చి మార్చి చూశాడు. ఇద్దరిలో ఎవరు పాతో తేలక స్టాంపు కొట్టేశాడు.

ఇట్లా ఉండగా 2021 జులైలోనే కేంద్రం ఇంకో నిబంధన తెచ్చి ఉంది. 50 ఏళ్లు దాటిన కారు వింటేజ్. దానికి వేరే రిజిస్ట్రేషన్, నంబరులో 'వీఏ' అనే అక్షరాలు, 20,000 ఫీజు. అంటే 49 ఏళ్ల 364 రోజుల దాకా మా పద్మిని తుక్కు. మరునాడు తెల్లారి లేచేసరికి జాతి సంపద. 1999లో మొదటి ఆర్‌సీ గడువు తీరింది, 2034లో యాభై నిండుతాయి, మధ్యలో ముప్పై అయిదేళ్ల అజ్ఞాతవాసం. 2034 దాకా నేను చేయవలసిందల్లా దాన్ని మా బావమరిది కంట పడకుండా దాచడం. పాండవులకు ఆయుధాలు దాచుకోను జమ్మిచెట్టు దొరికింది. ఫియట్ కారు జమ్మిచెట్టెక్కదు. వచ్చిన ప్రతిసారీ "ఇంగా అమ్మలేదా బావా?" అంటాడు. 2034లో ఇదే మనిషి దాని పక్కన నిలబడి ఫొటో దిగుతాడని నాకు తెలుసు.

సరే, యాభై నిండాకైనా సుఖపడుతుందా? వింటేజ్ కారు రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదట. ప్రదర్శనకు పోవచ్చు, ర్యాలీకి పోవచ్చు, రిపేరుకు పోవచ్చు, పెట్రోలు పోయించుకోను పోవచ్చు. కూరగాయలకు పోకూడదు. నేను ఈ నిబంధనను ఎంతో శ్రద్ధగా చదివి ఒక మార్గం కనిపెట్టాను. బంకుకు పోయి పెట్రోలు పోయించుకోవడం, తిరిగి వస్తూ అది తగలేయడం, అయిపోయింది కాబట్టి మళ్లీ బంకుకు పోవడం. బంకు పక్కనే కూరగాయల అంగడి ఉంటే అది యాదృచ్ఛికం.

ఇంకో చిక్కుంది. కారు దాని మొదటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. వాన నీళ్లు పైనుంచి కాక కిందనుంచి రావడం మొదలైనప్పుడు టింకరింగ్ షెడ్డులో ఫ్లోరుకు కొత్త రేకు వేయించాం. అద్దం మారుతి 800ది. హారన్ ఆటోది. ఇది ఒరిజినలేనా అని మెకానిక్ భాయ్‌ని అడిగాను. ఆయన బీడీ ఆర్పి, "ఒరిజినల్ అంటే ఏంది సార్? మీ నాయన తెచ్చినప్పుడు ఉన్నింది ఒరిజినలా, ఇన్నేండ్లు నడిచింది ఒరిజినలా?" అన్నాడు. తత్వశాస్త్రంలో దీనికి ఇంకా జవాబు దొరకలేదు. కార్బొరేటర్ మాత్రం విప్పాడు.

అమెరికాలో పెబుల్ బీచ్ అనే చోట 1950లో మొదలైన కార్ల అందాల పోటీ ఉంది, ఇప్పుడది ముఖ్యంగా పాత కార్లది. గోల్ఫ్ మైదానం పచ్చిక మీద నిలబెట్టి, జడ్జీలు మరలు కూడా వదలకుండా చూస్తారు. ఇప్పుడక్కడ రంగు వెలిసి, సీటు చిరిగి, ముట్టుకోకుండా వదిలేసిన కార్లకు కూడా ఒక విభాగం, బహుమతి ఉన్నాయి. ఇది విన్నప్పటి నుంచి నేను పద్మినిని తుడవడం మానేశాను. బద్ధకం అని ఇంట్లో అంటున్నారు. పరిరక్షణ అని నేనంటున్నాను.

ఇంగ్లండు వాళ్లది ఇంకో రకం పిచ్చి, నాకు ఎక్కువ నచ్చింది అదే. గుడ్‌వుడ్ అని ఒక రేసు ట్రాక్. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం చుట్టూ వేసిన రోడ్డు అది. 1948 నుంచి 1966 దాకా రేసులు జరిగాయి, ఆగిపోయాయి. 1998లో మళ్లీ తెరిచి, ఏటా సెప్టెంబరులో ఆనాటి కార్లతోనే ఆనాటి రేసులు పెడుతున్నారు. చూడ్డానికి కాదు, నిజంగానే గెలవడానికి. కోట్ల విలువ చేసే కార్లు తలుపుకు తలుపు రాసుకుంటూ మలుపు తిరుగుతాయి. చూడవచ్చిన జనం కూడా ఆ కాలపు బట్టలేసుకొస్తారు. కొందరు మరకల ఖాకీ వేసుకుని మెకానిక్కుల్లా తిరుగుతారట. మా భాయ్ నలభై ఏళ్లుగా అదే వేషంలో ఉన్నాడు, ఒక్కడూ ఫొటో తీయలేదు.

మనకూ ఉండేది అట్లాంటి చోటు, మద్రాసు దాపున షోలవరంలో. అదీ యుద్ధకాలపు రన్‌వేనే. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సరైన ట్రాక్ వచ్చాక దాని వైభవం పోయింది. ఇంగ్లండు వాళ్లు పాత విమానాల మైదానానికి టికెట్లు పెట్టారు. మనం దాన్ని తాతల కబుర్లలో పెట్టుకున్నాం.

లండన్ నుంచి బ్రైటన్ దాకా ఇంకో యాత్ర ఉంది. 1905కు ముందు పుట్టిన బండ్లే పోవాలి. కారు ముందు ఒక మనిషి నడవాలన్న పాత చట్టం 1896లో పోయిందట, ఆ సంబరం ఇప్పటికీ చేసుకుంటున్నారు. తిరుపతి గాంధీరోడ్డులో కారు ముందు మనిషి ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు, హారన్ కొట్టినా జరగడు. ఆయన సెలవు పెట్టిన రోజు ఆవు నడుస్తుంది.

కాబట్టి నా ప్రతిపాదన. ఇటలీలో మిల్లె మిలియా అనే రేసు 1927 నుంచి 1957 దాకా మామూలు రోడ్ల మీద సుమారు 1,600 కిలోమీటర్లు సాగేది. ఘోరమైన ప్రమాదంతో ఆగింది. ఇప్పుడు అదే పేరుతో ఆ కాలపు కార్లకు ర్యాలీ పెడుతున్నారు. ఇందులో వేగం లెక్కలోకి రాదు. చెప్పిన సమయానికి చెప్పిన చోటికి చేరాలి. ఆలస్యమైతే తప్పు, ముందొచ్చినా తప్పే. స్టాప్‌వాచీలు పట్టుకుని సెకన్లు లెక్కపెట్టుకుంటారు.

ఇది చదివి నాకు నవ్వాగలేదు. అయ్యా, ఈ పోటీ అలిపిరిలో రోజూ జరుగుతోంది. కొండెక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదు. 1944లో వేసిన మొదటి ఘాట్ మీద దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదు. ముందే వచ్చారా, జరిమానా. కిందికి దిగుతూ చివరి మలుపుల్లో కార్లు పక్కకు ఆపి, చీటీ మీది టైమూ సెల్‌ఫోను టైమూ పోల్చుకుంటూ జామకాయ తింటున్న భక్తులను చూడండి. ఇటలీ వాళ్లకు కో-డ్రైవర్ ఉంటాడు. మనకు వెనక సీట్లో అత్తగారు, మలుపుకొక గోవిందా. ఇంత సాధన ఉన్న జనం ప్రపంచంలో ఇంకెక్కడా లేరు. టైరు కింద నిమ్మకాయ పెట్టి వదిలితే చాలు.

రేసు మధ్యలో కారును బాగుచేసి పంపే పిట్ సిబ్బందిగా నాకు అనుభవం కూడా ఉంది. చిన్నప్పుడు పద్మిని కొండెక్కుతూ ఆవిర్లు కక్కి ఆగినప్పుడల్లా, దూకి వెనక చక్రానికి రాయి పెట్టే ఉద్యోగం నాదే. నాన్న గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తీసేవాడు, అమ్మ వెంకన్నకు మొక్కుకునేది. ముగ్గురిలో ఎవరి పని వల్ల కారు కదిలేదో ఇప్పటికీ తెలియదు.

ఇంకో మాట. పాత వాహనాన్ని గౌరవించడం పరాయివాళ్లు మనకు నేర్పాలా? బ్రహ్మోత్సవాల్లో శేష, హంస, సింహ, గరుడ, గజ, అశ్వ వాహనాలు మాడవీధుల్లోకి వస్తే లక్షల మంది లేచి దండం పెడతారు. ఎన్నేళ్ల నాటిదని అడగరు, మైలేజీ అడగరు, 15 ఏళ్లు దాటింది కదా అని అసలే అనరు. మోసేవాళ్ల భుజాలే ఇంజను.

1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌ఆర్ కూపే ఒకటి 2022లో 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. అప్పటి లెక్కలో సుమారు 1,100 కోట్ల రూపాయలు. అట్లాంటివి చేసినవే రెండంట. మా పద్మిని లాంటివి వేలకు వేలు చేశారు కాబట్టి నేను అంత ఆశించడం లేదు. సగమైనా చాలు.

మొన్న ఆదివారం బంకు దాకా పోయొచ్చాను, 2034 నాటికి అలవాటు కావాలి కదా. పోవడం బాగానే పోయింది. రావడం నలుగురు తోస్తే వచ్చింది. తోసినవాళ్లలో ఒకాయన చేతులు దులుపుకుంటూ, "ఎంతకిస్తావు సామీ?" అన్నాడు. కేజీ లెక్కనా, కారు లెక్కనా అని నేను అడగలేదు.