టిక్కీ అన్న మాట జర్నల్‌లో దొరకదు

ఎంబీఏ చదువుతున్న ఒక విద్యార్థిని కొంతకాలం కిందట తన అసైన్‌మెంట్ తెచ్చి చూపించింది. అంశం గుంటూరు మిర్చి ధరల పతనం. చివరి పేజీలో ఇచ్చిన ఆధారాల్లో చాలా వరకు ఒకే వార్తను వేర్వేరు వెబ్‌సైట్లు ఎత్తిపోసుకున్న నకళ్లే. పరిశోధన వ్యాసాలు మూడున్నాయి కానీ, వాటిలో ఒకటి అసలు ఎక్కడా లేదు. శీర్షిక నమ్మేటట్టే ఉంది, సంపుటి, సంచిక, పుటల అంకెలూ ఉన్నాయి, డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు లంకె) నొక్కితే మాత్రం ఏ సంబంధమూ లేని మరో వ్యాసం తెరుచుకుంది. చాట్‌బాట్‌ను అడిగి రాసుకున్నానని దాచకుండా చెప్పింది. ‘గూగుల్‌లో ఏమీ దొరకలేదు సార్’ అన్నది ఆమె ఫిర్యాదు.

ఆ ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేయలేం. గుంటూరు మిర్చి మార్కెట్ యార్డులో సరుకును టిక్కీల్లో, అంటే బస్తాల్లో, లెక్కపెడతారు. రంగు తగ్గిన కాయను తాలు అంటారు. రకాన్ని తేజ అనో 334 అనో పిలుస్తారు. మన పత్రికల జిల్లా పేజీలు కూడా ఇవే మాటలు రాస్తాయి. పరిశోధన వ్యాసంలో అదే 334 గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 అవుతుంది, తేజ పక్కన ఎస్17 చేరుతుంది, ధర ఎగుడుదిగుడులు ‘ప్రైస్ వొలటాలిటీ’గా, ఒక మార్కెట్ ధర మరో మార్కెట్‌ను కదిలించడం ‘ప్రైస్ ట్రాన్స్‌మిషన్’గా, ‘మార్కెట్ ఇంటిగ్రేషన్’గా మారతాయి. ‘గుంటూరు మిర్చి సమస్యలు’ అని వెతికినవారికి పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ దాదాపు ఖాళీ చేతులు చూపించడానికి కారణం ఇదే. వెతకడం రాకపోవడం కాదు, యార్డు మాటను జర్నల్ మాటలోకి మార్చుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం. ఈ మార్పిడికి నిఘంటువు లేదు; దొరికిన ఒక్క మంచి వ్యాసంలోని కీలక పదాలను కాగితం మీద రాసుకుని, వాటితో మళ్లీ వెతకాలి. దాని కింద ఉండే ‘సైటెడ్ బై’ లంకె ఆ వ్యాసాన్ని ఉటంకించిన తర్వాతి రచనలను చూపిస్తుంది, ‘ఆల్ వెర్షన్స్’ నొక్కితే ఒక్కోసారి ఉచిత ప్రతి దొరుకుతుంది.

వార్తను ఏ పనికి వాడాలన్నది ఇంతకంటే చిక్కైన ప్రశ్న. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధరను, 2.91 లక్షల టన్నుల పరిమితిని ప్రకటించింది. విద్యార్థిని దీన్ని ‘కేంద్రం మిర్చి కొనుగోలు చేసింది’ అని రాసింది. ప్రకటించింది కొనుగోలు కాదు, ధర వ్యత్యాసం చెల్లింపు: రైతు సరుకును మార్కెట్‌లోనే అమ్ముకుంటే, అమ్మిన ధరకూ ప్రకటిత ధరకూ మధ్య ఉన్న తేడాను చెల్లించే పద్ధతి. వ్యాపార శాస్త్ర విద్యార్థికి ఇది చిన్న తేడా కాదు, ఎందుకంటే ప్రభుత్వం సరుకు కొంటే గోదాములు, నిల్వ నష్టాలు, తిరిగి అమ్మే బాధ్యత వస్తాయి, తేడా మాత్రమే చెల్లిస్తే ఇవేవీ ఉండవు, కాబట్టి ఆ తర్వాత చేసే విశ్లేషణంతా మారిపోతుంది. వార్త ఆమెకు తేదీని, పథకం పేరును, రెండు అంకెలను అందించింది. అక్కడి నుంచి కేంద్ర వ్యవసాయ శాఖ ప్రకటన దగ్గరికి నడవడం ఆమె వంతు.

ధర ఎందుకు పడిందన్న ప్రశ్నకూ వార్త ఒక్కటే చాలదు. ‘ఎగుమతులు తగ్గాయని వ్యాపారులు చెబుతున్నారు’ అన్న వాక్యం వ్యాపారులు అలా చెప్పారనడానికే సాక్ష్యం. యార్డుకు రోజూ వచ్చే సరుకు, ధరల లెక్కలు కేంద్ర ప్రభుత్వ మార్కెట్ సమాచార వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఉన్నాయి, ఎగుమతి లెక్కలు స్పైసెస్ బోర్డు దగ్గర ఉన్నాయి, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని తేల్చే పద్ధతి పరిశోధన వ్యాసాల్లో ఉంది. అంశం కంపెనీ అయితే పని ఇంకా సులువు: దుగ్గిరాలలో కాఫీ కర్మాగారమున్న సీసీఎల్ ప్రొడక్ట్స్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన సంస్థ కాబట్టి, దాని వార్షిక నివేదికలు ఎవరైనా చదవవచ్చు.

అయితే అందరికీ ఒకే తలుపు తెరిచి లేదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను అందుబాటులోకి తెచ్చింది. తొలి దశ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. విజయవాడ, గుంటూరుల మధ్య హైవే పక్కనున్న నాగార్జున విశ్వవిద్యాలయం ప్రాంగణంలో చదివేవారికి దక్కే వెసులుబాటు, కూతవేటు దూరంలోని ప్రైవేటు కళాశాలలో అదే ఎంబీఏ చదివేవారికి లేదు. మన రెండు నగరాల్లో మేనేజ్‌మెంట్ చదువులో పెద్ద వాటా ప్రైవేటు కళాశాలలదే అన్నది గుర్తుంచుకుంటే, ఇది చిన్న లోటు కాదని అర్థమవుతుంది. వారికి మిగిలేవి ఉచిత వనరులే: సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ, వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్. మిర్చి మీద పనిచేసే విద్యార్థికి నిజానికి ఖరీదైన విదేశీ జర్నల్ కంటే కృషికోశ్ నుంచే ఎక్కువ దొరుకుతుందని నా అభిప్రాయం.

తెలుగు పత్రికల విషయంలో ఇబ్బంది వేరు. ఈ-పేపర్ పేజీలు చాలావరకు బొమ్మలుగా ఉండటంతో వాటిలోని మాటలు సెర్చ్‌కు అందవు. యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లతో నడిచిన సైట్ల పాత వార్తలదీ అదే గతి. మిర్చి, మిరప, ఎండుమిర్చి, మిరపకాయలు అని నాలుగు రకాలుగా వెతికితే తప్ప ఒక్కో వార్త బయటపడదు. ఇంత కష్టపడి తెచ్చిన తెలుగు వార్తను ‘ప్రామాణికం కాదు’ అని కొట్టేసే అధ్యాపకులూ ఉన్నారు. యార్డు సెలవులు, లారీల బారులు, కోల్డ్ స్టోరేజీ నిల్వలు జిల్లా పేజీలో వచ్చినంత వివరంగా జాతీయ ఇంగ్లిషు పత్రికల్లో రావు కనుక, ఈ అభ్యంతరం నాకు అర్థం కాదు. అడగాల్సింది పత్రిక పేరుతో పాటు తేదీ, పేజీ, ముఖ్యంగా ఎడిషన్. గుంటూరు ఎడిషన్‌లో మొదటి పేజీకెక్కిన యార్డు వార్త అదే రోజు విజయవాడ ఎడిషన్‌లో అసలు ఉండకపోవచ్చు, అప్పుడు ఆ ఆధారాన్ని సరిచూడబోయినవారికి అది కూడా ఆ చాట్‌బాట్ వ్యాసంలాగే కనిపిస్తుంది.