అలిపిరి రోడ్డులో రేసా?

హైదరాబాద్, చెన్నైలలో జరిగినట్టు తిరుపతిలోనూ స్ట్రీట్ రేస్, అంటే ఊరి రోడ్ల మీదే కార్ల రేస్ పెడితే పర్యాటకం పెరుగుతుందని మీ వ్యాసంలో రాశారు. నాకు రేసులంటే పిచ్చి. అయినా ఒప్పుకోలేను.

స్ట్రీట్ సర్క్యూట్ అంటే రెండు గంటలు ట్రాఫిక్ ఆపితే అయ్యే పని కాదండీ. రోడ్డుకు రెండు వైపులా కాంక్రీట్ గోడలు, వాటిపైన ఇనుప కంచె పెట్టాలి. స్పీడ్ బ్రేకర్లు తీసేయాలి, మ్యాన్‌హోల్ మూతలు కదలకుండా బిగించాలి. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ వాళ్లు వచ్చి చూసి సరే అంటేనే కార్లు కదిలేది. 2024 ఆగస్టు చివర్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర వాన పడి, ఆ అనుమతి ఆలస్యమై, జనం ఎంతసేపు ఎదురుచూశారో గుర్తుందా? హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఎలక్ట్రిక్ కార్ల రేస్ ఫార్ములా ఈ బ్రహ్మాండంగా జరిగింది, ఫ్రెంచ్ డ్రైవర్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసే రద్దయింది.

తిరుపతిలో ఏ రోడ్డు మూస్తారు? అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. కొండకు పోయే బస్సులన్నీ అటే. బ్రహ్మోత్సవాలప్పుడు మామూలు రోడ్డే దాటలేం, ఇక కాంక్రీట్ గోడలు కూడానా!

మా చిత్తూరు కుర్రాళ్లకు రేస్ చూడాలనుంటే చెన్నై హైవే మీదే శ్రీపెరంబుదూరు దాటాక ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. దాని గురించి కూడా ఒక వ్యాసం రాయండి సార్, చాలామందికి తెలియదు.