ఎంత నిద్ర అన్నదే కాదు, ఏ వేళ అన్నదీ షుగర్ లెక్కే

షుగర్ వచ్చిందనగానే డాక్టరు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. ఏం తింటున్నారు, ఎంత నడుస్తున్నారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఏ వేళకు పడుకుంటున్నారు, ఏ షిఫ్టులో పనిచేస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం అరుదు. వచ్చినా ‘ఎనిమిది గంటలు నిద్రపోండి’ అన్న సలహాతో సరి. సలహాలో తప్పు లేదు, కానీ అది సగం సంగతే. నిద్ర తగ్గడం ఒక సమస్య, నిద్ర వేళ తప్పడం ఇంకో సమస్య. తరచూ కలిసే వస్తాయి కనుక రెండిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

నిద్ర తగ్గితే ఏమవుతుందో 1999లోనే తేలింది. షికాగో విశ్వవిద్యాలయంలో ఈవ్ వాన్ కాటర్ బృందం ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చింది. వారం తిరక్కుండానే వాళ్ల ఒంట్లో గ్లూకోజ్‌ను సర్దుకునే శక్తి పడిపోయింది. అక్కడే చేసిన మరో ప్రయోగం 2008లో వెలువడింది. అందులో నిద్ర గంటలు తగ్గించలేదు. గాఢనిద్రలోకి జారుకున్నప్పుడల్లా శబ్దాలతో కదిలించారు, అంతే. మూడు రాత్రులకే ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు సుమారు 25 శాతం తగ్గింది. గురక పెడుతూ, ఊపిరి ఆగి ఆగి ఉలిక్కిపడేవాళ్లు మంచం మీద గడిపిన గంటలు చూసి ధీమాపడితే లాభం లేదన్నమాట.

వేళ సంగతి ఇంతకన్నా చిక్కైనది. మెదడులోని హైపోథాలమస్‌లో సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటుంది. కంట్లో పడే వెలుతురును బట్టి అది పగలేదో రాత్రేదో తేల్చుకుంటుంది. కాలేయానికి, క్లోమానికి, కొవ్వుకు, కండరాలకు కూడా సొంత గడియారాలున్నాయి. వాటిని, ముఖ్యంగా కాలేయాన్ని, తిండి వేళ గట్టిగా ప్రభావితం చేస్తుంది. చీకటిపడ్డాక పెరిగే మెలటోనిన్ అనే హార్మోన్ ఇన్సులిన్ విడుదలను తగ్గించగలదు. అందుకే పొద్దున తిన్న భోజనమే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. అర్ధరాత్రి కంచం ముందు కూర్చుంటే మెదడు రాత్రంటుంది, కాలేయం పగలనుకుంటుంది.

ఈ పేచీ ఫలితాన్ని బోస్టన్ పరిశోధకులు 2009లో కొలిచారు. పది మందిని 28 గంటల ‘రోజు’ మీద నడిపి, అంటే తిండి, నిద్ర వేళలు రోజూ నాలుగేసి గంటలు జరిగేలా చేసి, అవి పూర్తిగా తలకిందులైనప్పుడు పరీక్షిస్తే ఇన్సులిన్ 22 శాతం పెరిగింది. అయినా గ్లూకోజ్ 6 శాతం ఎక్కువగానే ఉంది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది 2021 నాటి ప్రయోగం. 19 మందితో రాత్రి షిఫ్టులో లాగా రాత్రి మేలుకుని పగలు పడుకునే వేళలు పాటింపజేశారు. నిద్ర ఏర్పాటు అందరికీ ఒకటే. రాత్రి కూడా తిన్నవాళ్ల సగటు గ్లూకోజ్ 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. నైట్ డ్యూటీ మానలేనివాళ్లకు ఆశ కలిగించే సంగతి ఇది.

ఇవన్నీ కొద్దిమందితో, ప్రయోగశాల గోడల మధ్య జరిగినవని మరవకూడదు. బయటి ప్రపంచపు లెక్కలు అంత తేలిగ్గా విడివడవు. అమెరికా నర్సుల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో, 20 ఏళ్లకు పైగా మారుతూ వచ్చే నైట్ షిఫ్టులు చేసినవారికి టైప్-2 మధుమేహం ముప్పు 58 శాతం ఎక్కువగా కనిపించింది. శరీర బరువును లెక్కలోకి తీసుకుంటే అది 24 శాతానికి దిగింది. అంటే ముప్పులో పెద్ద భాగం బరువు దారిలోనే వస్తున్నట్టుంది. వార్తల్లో మొదటి అంకె మాత్రమే వేసి భయపెట్టడం సరికాదు. అలాగని మిగిలిన 24 శాతాన్ని కొట్టిపారేయడమూ కుదరదు.

చిత్రం ఏమిటంటే, ఇంత తెలిశాక కూడా భారమంతా మనిషి మీదే వేస్తున్నాం. ‘రాత్రి తినొద్దు’ అని చెప్పడం డాక్టరుకు సులువే. రాత్రి షిఫ్టులో భోజన విరామం ఒంటి గంటకు పెట్టేది, ఈ వారం పగలు వచ్చే వారం రాత్రి అని డ్యూటీలు వేసేది యాజమాన్యం. షిఫ్టు మార్చక తప్పనప్పుడు ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న వరసలో ముందుకు జరిపితే ఒళ్లు కాస్త తేలిగ్గా సర్దుకుంటుంది. వెనక్కి జరిపితే కష్టం. ప్రధాన భోజనం డ్యూటీకి ముందే ముగించుకునే వీలు, అర్ధరాత్రి విరామం భోజనానికి కాక విశ్రాంతికి పనికొచ్చే ఏర్పాటు, నైట్ చేసేవారికి ఏటా షుగర్ పరీక్ష: వీటిలో ఏదీ ఉద్యోగి ఒక్కడి చేతిలో లేదు.