నిలిచిన బండికి రోగాలెక్కువ

1932లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ తొలినాళ్ల ఆల్బియన్ బస్సొకటి హైదరాబాద్‌లోని ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌లో మిగిలి ఉండటం మన భాగ్యం. గ్లాస్గోలో దాన్ని తయారుచేసిన కంపెనీ 1951లో లేలాండ్‌లో కలిసిపోయింది. మన రవాణా శాఖ రైల్వే నుంచి ప్రభుత్వం చేతికి వచ్చిందీ ఆ ఏడే. 1958లో ఆర్టీసీ అయింది. ఇన్ని చేతులు మారినా తుక్కు కిందకు పోకుండా కాపాడినవారికి దండం పెట్టాలి.

అయితే రంగు వేసి నిలబెట్టినంత మాత్రాన బస్సు బతకదు. బరువంతా ఒకేచోట పడి టైర్లు అణగిపోతాయి. రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. ట్యాంకు అడుగున తుప్పు చేరుతుంది. తిరగని ఇంజిన్‌లో పిస్టన్లు పట్టేస్తాయి. షెడ్డులో నెల రోజులు నిలిచిన బండిని బయటకు తీయడం ఎంత తిప్పలో ఏ డిపో మెకానిక్‌నడిగినా చెబుతాడు. అలాంటిది తొంభై ఏళ్లు దాటిన బండి!

లండన్‌లో రూట్‌మాస్టర్ అనే ఎర్ర డబుల్ డెక్కర్ బస్సులను 2005 డిసెంబరులో రోజువారీ సర్వీసుల నుంచి తప్పించారు. ఆ తర్వాతా కొన్నింటిని వారసత్వ రూట్లలో టికెట్ ఇచ్చి మరీ నడిపారు. ముంబయి 2023 సెప్టెంబరులో తన చివరి డీజిల్ డబుల్ డెక్కర్‌ను ముస్తాబు చేసి సాగనంపింది. కళ్లు చెమర్చే వీడ్కోలే, కాదనం. కానీ పూలదండ బండికి గ్రీజు కాదు కదా.

ఆర్టీసీ మియాపూర్‌లోని తన సొంత యూనిట్‌లో బస్సు బాడీలు కట్టింది. దొరకని విడిభాగాన్ని కొలతలు తీసి కొత్తగా చేయగల చేతులు ఈ నగరంలో ఇంకా ఉన్నాయి. ఆనాటి గేర్లు డబుల్ క్లచ్ కొట్టనిదే, అంటే క్లచ్ రెండుసార్లు తొక్కనిదే పడవు. అది తెలిసిన రిటైర్డ్ డ్రైవర్లను, మెకానిక్‌లను ఇప్పుడే పిలిచి కొత్తవాళ్లకు నేర్పించాలి. వాళ్ల వయసు ఆగదు. అంతకంటే తేలికైన పని మరొకటుంది. ఏ మోడల్ బస్సులనైనా ఇక పనికిరావని కండెమ్ చేసి వేలానికి పంపేముందు ఒక్కటి, దాని టికెట్ ట్రేతో, రూటు బోర్డుతో సహా పక్కన పెట్టాలి. వేలంలో దానికి పలికే ధర ఎంతని!

ఏటా జనవరి 11, ఆర్టీసీ పుట్టినరోజు. ఆ ఉదయం బస్ భవన్ ఉన్న ముషీరాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా ఆల్బియన్‌ను నడపాలి. కండక్టర్ ‘రైట్ రైట్’ అంటే కదలాలి, ‘హోల్డాన్’ అంటే ఆగాలి. బ్రేకులు సరిచూసుకోవడానికైనా ఆ తేదీ పనికొస్తుంది.