మట్టిలో, గుంటల్లో తోలడానికి కొనే మొదటి డర్ట్ బైక్ అంటే పడ్డప్పుడు మనమే లేపుకోగలిగే బండి, వీధిలో పెట్టి చూపించుకునే బండి కాదు

ఇప్పుడే హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చా. కోపం ఇంకా దిగలేదు, అన్నం కూడా తినబుద్ధి కాలేదు, అందుకే కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. మా అక్క కొడుకు, పంతొమ్మిదేళ్ళు, ఇంజనీరింగ్ రెండో ఏడు. కుడికాలి చీలమండ దగ్గర ఎముక చిట్లింది, పిక్క మీద సైలెన్సర్ తగిలి అరచెయ్యంత బొబ్బ. ప్రత్తిపాడు వైపు డొంకలో పడ్డాడు. వాన పడిన మర్నాడు నల్లరేగడి ఎలా ఉంటుందో మా గుంటూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, చెప్పేసుకుని దిగితే చెప్పు అక్కడే ఉండిపోయి కాలొక్కటే పైకొస్తుంది. అలాంటి డొంకలోకి రెండొందల కేజీల బండేసుకుని వెళ్ళాడు, కొని తొమ్మిది రోజులైంది. ముందు చక్రం ట్రాక్టర్ చాల్లోకి దిగింది, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని చక్రం తిరగడం మానేసింది, బండి కుడి పక్కకి ఒరిగింది, వీడు కాలు పెట్టి ఆపబోయాడు. రెండొందల కేజీలు ఒరిగితే కాలడ్డం పెట్టి ఎవడాపగలడు? కాలికేమో కాలేజీకి వేసుకెళ్ళే స్పోర్ట్స్ షూస్. కాలు బండి కింద ఇరుక్కుపోయి అలాగే పడున్నాడంట, పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు ముగ్గురు పరిగెత్తుకొచ్చి బండి ఎత్తితే గానీ కాలు బయటికి రాలేదు. ఆ తల్లులెవరో తెలీదు, వాళ్ళు చల్లగా ఉండాలి.

సరే, పడతారు. నేర్చుకునేటప్పుడు పడనివాడు ఎవడూ ఉండడు. నాకు మండింది అక్కడ కాదు. ఎక్స్‌రే గది బయట మా బావ అందరి ముందూ నన్ను పట్టుకుని "అంతా నీవల్లేరా, వాడికి ఈ బురద పిచ్చి పట్టించింది నువ్వే" అన్నాడు. అక్క తల దించుకుంది. లోపల పిల్లాడు మూలుగుతున్నాడు కదా అని నేనూ నోరు మూసుకున్నా. అక్కడ మింగిందంతా ఇక్కడ కక్కుతున్నా.

పోయిన డిసెంబర్లో గచ్చిబౌలి స్టేడియంలో సూపర్‌క్రాస్, అదే మట్టి గుట్టలు పోసి వాటి మీంచి బళ్ళు ఎగిరించే రేసు, జరిగితే వాణ్ణి తీసుకెళ్ళింది నేనే, కాదనట్లేదు. ఆ రోజు నుంచీ వాడికి నిద్ర లేదు. తర్వాత ఎండాకాలం అంతా "మావయ్యా, ఫస్ట్ బండి ఏది తీసుకోమంటావ్" అని రోజుకో ఫోను. నేనూ విసుక్కోకుండా అడిగిన ప్రతిసారీ ఒకటే చెప్పా. నాన్నా, సెకండ్ హ్యాండ్‌లో హీరో వాళ్ళ ఎక్స్‌పల్స్ 200 చూడు. 2019 నుంచీ ఉన్న బండి, పాతవి బాగానే దొరుకుతాయి, లివర్ విరిగినా ఇండికేటర్ పగిలినా మన ఊళ్ళోనే దొరుకుతుంది. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, గుంట వస్తే అందులో పడకుండా పైనుంచి దొర్లుకుంటూ పోతుంది. బరువు 160 కేజీల దగ్గర, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్ల దగ్గర, నీ కాళ్ళు అందుతాయి. అందులోనే ప్రో అని ఇంకోటుంది, దాని జోలికి పోకు, సీటే 891 మిల్లీమీటర్లు, అది చెయ్యి తిరిగినవాళ్ళ బండి. కొత్తదే కావాలంటే కవాసాకి కేఎల్ఎక్స్ 230 ఉంది, 139 కేజీలే, 2024 చివర్లో వచ్చినప్పుడు 3 లక్షల 30 వేలు చెప్పారు గానీ తర్వాత రెండు లక్షల దగ్గరకి దించారు, కాకపోతే సీటు 880, నువ్వు ఒక పిర్ర పక్కకి జరిపి ఒక కాలే ఆనించడం నేర్చుకోవాలి, అది పెద్ద కష్టమేం కాదు, వారం రోజుల్లో అలవాటైపోద్ది.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్పా. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పు, మధ్యలో టక్కుమని పట్టినట్టుంటే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయినట్టు. ఫోర్కు రాడ్ల మీద వేలితో రాసి చూడు, నూనె అంటితే ఆయిల్ సీల్ కారుతున్నట్టు. స్పోక్స్ ఒక్కొక్కటీ స్క్రూడ్రైవర్‌తో మీటు, మిగతావి కంగుమంటుంటే ఒకటి దబ్ మంటే అది వదులు. చక్రం తిప్పి రిమ్ము ఊగుతోందేమో చూడు. ఇదంతా వాడు నోట్స్ రాసుకున్నాడు, పాపం. తొంభై వేలకి నరసరావుపేటలో ఒక బండి కూడా చూసిపెట్టా, నేనే స్వయంగా వెళ్ళి నడిపి చూశా, శుభ్రంగా ఉంది.

మా బావ ఏమన్నాడంటే, "సెకండ్ హ్యాండా? మనకేం ఖర్మ? పైగా 200 సీసీయా, మా ఆఫీసు ముందు అలాంటివి పది ఉంటాయి." అంతే, ఆదివారం షోరూంకి వెళ్ళారు, నాకు ఒక్క మాట చెప్పలేదు. అక్కడ సేల్స్ అబ్బాయి "సార్, బాబు పర్సనాలిటీకి 450 సీసీ అయితేనే సూటవుద్ది, రోడ్డు మీదకీ పనికొస్తది, ఆఫ్‌రోడ్‌కీ పనికొస్తది" అన్నాడంట, అదే కొనేశారు. వాడు అమ్ముకునేవాడు, అంటాడు. బల్లపరుపు టైల్స్ మీద నిలబెట్టిన బండెక్కి కూర్చుంటే ఏ బండైనా తేలిగ్గానే ఉంటుంది కదండీ! ఆ బండిని ఒకసారి నేల మీద పడుకోబెట్టి "లేపు నాన్నా" అని ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది.

ఇంకో ఘోరం ఏంటంటే, సూపర్‌క్రాస్‌లో వాళ్ళు తోలింది కూడా 450 కదా అని బావ లాజిక్. అయ్యా, ఆ 450 వేరు, ఈ 450 వేరు! అక్కడ గాల్లో ఎగిరే మోటోక్రాస్ 450 బరువు 110 కేజీల చుట్టుపక్కల ఉంటుంది. దానికి హెడ్‌లైట్ లేదు, నంబర్ ప్లేటు లేదు, సైడ్ స్టాండు కూడా ఉండదు. మీరు కొన్నది హైవే మీద లడఖ్ దాకా లగేజీ వేసుకుని వెళ్ళడానికి చేసిన అడ్వెంచర్ బండి, దాని పనికి అది మంచిదే, నేను ఏ కంపెనీనీ తిట్టట్లేదు. కానీ 450 అన్న అంకె ఒకటే చూసి రెండూ ఒకటే అనుకుంటే ఎలా? అసలు డర్ట్ బైక్‌కి ముందు మడ్‌గార్డు చక్రానికి అంత పైన, హ్యాండిల్ కింద ఎందుకు పెడతారో ఒక్కసారైనా ఆలోచించారా? ఈ రేగడి కోసమే! మట్టి ఇరుక్కోకుండా తిరుగుతూ రాలిపోవడానికి!

నేను నేర్చుకున్నది ఇంపల్స్ మీద, హీరో వాళ్ళు 2011లో తెచ్చిన 150 సీసీ బండి, 134 కేజీలు. మొదటి రోజు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిలోపు పదకొండుసార్లు పడ్డా. పదకొండుసార్లూ నేనే లేపుకున్నా. బండి లేపడానికి ఒక పద్ధతుంది, వీపు సీటుకి ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్ ఇంకో చేత్తో వెనక గ్రిల్లు పట్టుకుని, నడుం వంచకుండా కాళ్ళతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. బురదలో కాలు జారుతుంటే ఆ పద్ధతీ సగమే పనిచేస్తుంది, అప్పుడు మిగిలేది బండి బరువూ మన ఒంట్లో సత్తువా, అంతే. బరువైన బండి రెండుసార్లు లేపేసరికి ముంజేతులు బిగుసుకుపోతాయి, ఎడమ చేత్తో క్లచ్ నొక్కలేం, మూడోసారి పడేది రోడ్డు వల్ల కాదు, అలిసిపోయి పడతాం. అలా పడ్డప్పుడే ఎముకలు విరుగుతాయి. ఈ మాట మీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

పైగా 40 హార్స్ పవర్. కొత్తవాడికి బండి కుదిపితే భయం వేసి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకునే కొద్దీ ఒళ్ళు వెనక్కి పోతుంది, మణికట్టు దానంతటదే కిందకి దిగుతుంది, అంటే యాక్సిలరేటర్ ఇంకా తిరుగుతుంది. ఎక్స్‌పల్స్ లాంటి దాని మీద ఆ తప్పు చేస్తే బండి కాస్త గుంజుతుంది, వదిలేస్తే ఆగుతుంది. 450 మీద అదే తప్పు చేస్తే వెనక చక్రం ఎటు పోతుందో దేవుడికి తెలియాలి. చిన్న బండి తప్పు చేయనిస్తుంది, తప్పు చేస్తేనే చెయ్యి తిరుగుతుంది.

ఇక డబ్బు సంగతి. ఆన్‌రోడ్ మూడున్నర లక్షలు పోసి బండి కొన్నారు. బూట్లకి? సున్నా. మోకాళ్ళ గార్డులకి? సున్నా. "ముందు బండి రానీ, అవి తర్వాత చూద్దాం" అన్నారంట. నేను చెప్పిన లెక్కలో తొంభై వేలు బండి, పదిహేను ఇరవై వేలు పిక్క దాకా వచ్చే గట్టి మోటోక్రాస్ బూట్లు, ఇంకో ఇరవై హెల్మెట్, మోకాళ్ళకీ ఛాతీకీ గార్డులు, మిగిలినదాంట్లో కొంత పెట్టి బెంగళూరు అవతల కోలార్ దగ్గర ఉన్న డర్ట్ పార్కులో ట్రైనింగ్. అన్నీ కలిపినా ఆ బండి రేటులో సగం కాదు. ఆ బూటే ఉంటే ఇవాళ ఆ చీలమండ చాలావరకు బాగానే ఉండేది, ఆ సైలెన్సర్ బూటుకి తగిలేది, తోలుకి కాదు. రోజుల తరబడి ఎడారుల్లో సాగే డాకర్ ర్యాలీ రేసుని మొదటిసారి పూర్తి చేసిన ఇండియన్ సీఎస్ సంతోష్, 2015లో చేశాడు, అంతటివాడు కూడా 2021 డాకర్లో పడితే డాక్టర్లు మందులిచ్చి కోమాలో ఉంచాల్సొచ్చింది. నిలువెల్లా సేఫ్టీ గేరు వేసుకున్నవాడికే అలా అయితే, స్పోర్ట్స్ షూస్ వేసుకుని డొంకలోకి పంపుతారా కన్నకొడుకుని?

అసలు విషయం నాకు తెలుసు. ఇది బండి గురించి కాదు. 2014లో వాళ్ళ గృహప్రవేశానికి నేను ఆ ఇంపల్స్ మీదే వెళ్ళా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, నా మొదటి ఉద్యోగం డబ్బులు. మడ్‌గార్డు మీద గీతలు, హ్యాండిల్ బార్ కొంచెం వంకర. గేటు ముందు ఆపానో లేదో మా బావ బయటికొచ్చి, చుట్టాలందరూ చూస్తుండగా, "ఒరేయ్, ఆ డొక్కుని సందులో పెట్టు, ఇక్కడ ఫోటోలు తీస్తున్నారు" అన్నాడు. సందులో పెట్టా. అప్పటికి ఈ పిల్లాడికి ఏడేళ్ళు. వాడే సందులోకి వచ్చి ఆ బండెక్కి కూర్చుని, కాళ్ళు అందకపోయినా ట్యాంకు మీద పడుకుని నోటితో బర్రుమని సౌండ్ చేసుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు. వాడికి గీతలు కనపడలేదు, బండే కనపడింది. పన్నెండేళ్ళయింది, ఆ మాట నాకింకా నిన్న అన్నట్టే ఉంది. ఆ రోజు ఫోటోలో కనపడకూడదన్న మనిషే ఈ రోజు ఫోటోలో కనపడాలని 450 కొన్నాడు. డెలివరీ రోజు దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, కుటుంబం మొత్తం నిలబడి తీయించుకున్న ఫోటో ఫ్యామిలీ గ్రూపులో ఇంకా ఉంది. అందులో మా వాడి మొహం చూడండి, రెండు కాళ్ళ మునివేళ్ళ మీద బిగపట్టుకుని నిలబెట్టాడు బండిని.

ఇంతకీ ఇవాళ హాస్పిటల్లోనే ఇంకో మాట విన్నా. వాళ్ళ రెండోవాడు, పదమూడేళ్ళు, వాడికి దసరాకి చిన్న డర్ట్ బైక్ కొనిస్తాడంట, కాలనీలో తోలుకోడానికి. పదమూడేళ్ళ పిల్లాడు డర్ట్ బైక్ నేర్చుకోవడం తప్పు కాదు, ఆ వయసులోనే నేర్చుకోవాలి కూడా. కానీ ఆ పిల్లల బళ్ళకి రిజిస్ట్రేషన్ ఉండదు, టాటా ఏస్‌లో ఎక్కించుకుని ట్రాక్‌కి తీసుకెళ్ళి తోలించాలి తప్ప వీధిలోకి తేకూడదు. మైనర్ రోడ్డు మీద బండి తోలుతూ ఏదైనా చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ కింద తండ్రికే మూడేళ్ళ దాకా జైలు, 25 వేలు ఫైను, 2019 నుంచీ ఉంది ఆ సెక్షన్. జైలు సంగతి పక్కన పెట్టండి, మలుపులో ఎదురుగా వాటర్ ట్యాంకర్ వస్తే? ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఊరుకోను. అక్కతో మాట్లాడతా, అవసరమైతే బావ ఎదురుగానే మాట్లాడతా, మొహమాటం అయిపోయింది నాకు.

డాక్టర్ ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు. వచ్చేముందు వాడి పక్కన కూర్చుంటే మెల్లగా నా చెయ్యి పట్టుకుని "మావయ్యా, నరసరావుపేట బండి ఇంకా ఉందా" అన్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి నాకు. ఆటోలోంచే ఆ ఓనర్‌కి ఫోన్ చేశా, ఉందన్నాడు, అయిదు వేలు అడ్వాన్స్ కొట్టేశా. బావ ఆ 450 అమ్ముకుంటాడో పోర్టికోలో పెట్టుకుంటాడో ఆయనిష్టం. బూట్లు కూడా చూస్తున్నా, వాడిది తొమ్మిదో నంబరు, కానీ కట్టు విప్పాక ఆ కాలు కొన్నాళ్ళు వాచి ఉంటుందంట, అందుకే పదో నంబరు పెట్టా. పెద్దవైతే లోపల మందం సాక్సు వేసుకుంటాడు.