కంప్యూటర్లో మారియోను అమ్మితే మర్యాద ఏం కావాలి?

ముప్పై నలభై ఏళ్ల కిందటి వీడియో గేములను నేటి కంప్యూటర్లలో ఆడుకునేలా అమ్మాలని మన హైదరాబాదులో కొందరు మధ్యవయస్కులు కోరుతున్నారు. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ, ఇంటి వాయిదాలు కట్టుకుంటూ, ఇంకా మారియోను మరువలేకపోతున్న ఈ వర్గం వాదన పైకి అమాయకంగానే ఉంటుంది: డబ్బు ఇస్తాం, ఆట ఇవ్వండి. కొనేవాడు డబ్బు పట్టుకొని వచ్చాడన్న ఒక్క కారణానికే సరుకు అమ్మేస్తే వ్యాపారానికి ఇక ఏం గౌరవం మిగులుతుందో వారు ఆలోచించినట్లు లేదు.

మారియోను సృష్టించిన జపాన్ సంస్థ నింటెండో వారికి ఆ గౌరవం విలువ బాగా తెలుసు గనుక, కంప్యూటరు ఉన్నవారికి తమ ఆటలు అమ్మరు. 2006లో వచ్చిన వీ (Wii) అనే తమ ఆటల యంత్రంలో పాత ఆటలను విడివిడిగా అమ్మి, 2019 జనవరిలో ఆ దుకాణం మూసేశారు. అప్పటికే, 2018 సెప్టెంబరు నుంచి, స్విచ్ అనే తర్వాతి యంత్రం మీద పాత ఆటలను చందాకు ఇవ్వడం మొదలుపెట్టారు. చందా ఆగితే ఆట కూడా ఆగుతుంది. 2020లో మూడు మారియో ఆటల సంపుటిని తెస్తూనే, మరుసటి మార్చి నెలాఖరుకు అమ్మకం ఆపేస్తామని ముందుగానే ప్రకటించి, అన్నమాట ప్రకారం ఆపేశారు. నకలు తీయడానికి నయాపైసా ఖర్చు లేని సరుకుకు కరువు తెప్పించడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు.

కన్సోల్ (ఆటల కోసమే చేసిన యంత్రం) ఆట కన్సోల్ మీదే ఆడాలన్న శుద్ధాచారం మాటకొస్తే, 2016లో అదే సంస్థ 30 ఆటలు నింపిన ఎన్‌ఈఎస్ క్లాసిక్ అనే చిన్న డబ్బాను విడుదల చేసింది. దాన్ని విప్పి చూసిన ఔత్సాహికులకు లోపల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే బుల్లి కంప్యూటరు, అందులో పాత ఆటల యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ దొరికాయి. కాబట్టి కంప్యూటర్లో ఆడటం తప్పు కాదు, మీ ఇంట్లో ఇదివరకే ఉన్న కంప్యూటర్లో ఆడటమే తప్పు. 1986లోనే హడ్సన్ సాఫ్ట్ అనే మరో సంస్థకు అనుమతి ఇచ్చి, జపాన్‌లోని పీసీ-8801 కంప్యూటర్ల కోసం ఒక మారియో ఆట చేయించిన సంగతిని గిట్టనివారు ఎత్తిచూపుతుంటారు. చిన్ననాటి పనులను పెద్దరికం వచ్చాక గుర్తుచేయడం సభ్యత కాదు. మరో జపాన్ ఆటల సంస్థ కోనామి 2019లో కాంట్రా అనే తన పాత ఆటల సంపుటిని స్టీమ్ అనే కంప్యూటరు ఆటల ఆన్‌లైన్ దుకాణంలో పెట్టి, అడిగినవాడికల్లా అమ్ముకుంటోంది; ఆ సంస్థ పరువు గురించి ఇక్కడ మాట్లాడకపోవడమే మేలు.

ఈ విధానం వల్ల హైదరాబాదుకు జరిగిన మేలు గురించి మాత్రం చెప్పుకోవాలి. తొంభైల్లో ఈ ఊరి పిల్లలు ఆడినవి చాలావరకు అసలు యంత్రాలు కావు. కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల దొరికిన నకళ్లు. క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని అచ్చువేసి ఉండేది, లోపల మాత్రం అవే నాలుగైదు ఆటలు రకరకాల పేర్లతో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒక తరం మొత్తం ఆ నకళ్ల మీదే మారియోను ప్రేమించింది. ఇవాళ అదే తరం పెరిగి పెద్దదై, పాత బాకీ తీర్చుకుంటామన్నట్లు అసలు యజమాని దగ్గరకు డబ్బుతో వెళ్తే, కంప్యూటరువాళ్లకు కౌంటరు లేదంటున్నారు. నకళ్లవాడు మాత్రం 400 ఆటలున్న చేతి యంత్రాన్ని బల్ల మీద పరిచి, ఇప్పటికీ అదే చిరునవ్వుతో కూర్చున్నాడు. దొంగసరుకుకు పోటీ రాకుండా చూసే బాధ్యతను సరుకు యజమానే నెత్తికెత్తుకోవడం వాణిజ్య చరిత్రలో అరుదైన ఔదార్యం.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. మిగిలిన 13 శాతం విషయంలో పరిశ్రమ ఇంకా శ్రద్ధ పెట్టవలసి ఉంది.

తొందరపడేవారికి చట్టంలోనే ఒక దారి ఉంది. సంస్థల కృతులకు అమెరికా చట్టం ప్రచురణ నాటి నుంచి 95 ఏళ్ల హక్కు ఇస్తుంది గనుక, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ అక్కడ 2081 జనవరి 1న అందరి సొత్తు అవుతుంది. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో బంధువులు పంపే గులాబీ బొమ్మ సాధారణంగా దానికంటే బరువు. అప్పటిదాకా మాదాపూర్ పెద్దమనుషులు డబ్బును జేబులోనే ఉంచుకొని, కోఠీ వైపు కన్నెత్తి చూడకుండా ఓపిక పట్టాలి. 1985లో పుట్టినవారికి ఆనాటికి 95 ఏళ్లు నిండి ఉంటాయి కనుక, ఎగిరే బటన్‌ను కాస్త పెద్దదిగా చేయించవలసిందని కోరుతూ వినతిపత్రం మాత్రం ఇప్పుడే పంపుకోవడం మంచిది.