పిల్లికి పెరుగన్నం: పేగుల్లో పులిసేదెంత, ఒంటికి పట్టేదెంత?

విజయవాడ సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో మాంసం వండని ఇళ్లలో పిల్లికి పెరుగన్నం పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు దానికి ఒక శాస్త్రీయ సమర్థన కూడా తోడవుతోంది. చద్దన్నం మన పేగులకు మంచిదని వింటున్నాం కనుక, పిల్లి పేగుల్లోని బాక్టీరియా కూడా అన్నాన్ని పులియబెట్టి శక్తిగా మార్చుకుంటుందన్నది ఆ వాదన. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం ఉండబట్టే మిగతా సగాన్నీ నమ్మబుద్ధవుతుంది.

పిల్లి కేవల మాంసాహారి, అంటే మాంసాహారం లేనిదే ఆరోగ్యంగా బతకలేని జంతువు. దాని కాలేయం మాంసకృత్తుల్లోని ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలను విడగొట్టి గ్లూకోజు తయారుచేసుకునే పనిని దాదాపు నిరంతరం సాగిస్తూనే ఉంటుంది. తిండిలో మాంసకృత్తులు తగ్గినా, ఆ పనిచేసే ఎంజైముల జోరును కుక్క, మనిషి తగ్గించుకున్నంతగా అది తగ్గించుకోలేదు. అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు సూచించే ఆఫ్కో సంస్థ, తేమ తీసేసిన లెక్కన, ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం మాంసకృత్తులు చాలంటే పిల్లికి 26 శాతం కావాలనడానికి ప్రధాన కారణం ఇదే.

ఇంత మాంసాహారి అయినా, పొట్టిదైన దాని పెద్దపేగు ఖాళీగా ఉండదు. చిన్నపేగులో జీర్ణం కాని పీచు అక్కడికి చేరితే బాక్టీరియా దాన్ని పులియబెట్టి ప్రధానంగా అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. బ్యుటిరేట్‌ను ముఖ్యంగా పేగు గోడ కణాలే ఇంధనంగా వాడుకుంటాయి. అసిటేట్ రక్తంలో కలిసి ఇతర కణజాలాలకు అందుతుంది. ఆసక్తికరమైనది ప్రొపియోనేట్ కథ. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు సాధారణ బరువున్న పిల్లులకూ, ఊబకాయమున్న పిల్లులకూ ఇన్యులిన్, ఒలిగోఫ్రక్టోజ్ అనే పీచు పదార్థాలు కలిపిన ఆహారం పెట్టి, అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజు తయారీ తగ్గిన సూచనలను రక్తంలో గమనించి 2009లో ప్రచురించారు. ఆ తర్వాత, గుర్తుపట్టదగిన కార్బన్ ఉన్న ప్రొపియోనేట్‌ను పెద్దపేగులోకి పంపినప్పుడు ఆ కార్బన్ రక్తంలోని గ్లూకోజులో కనిపించింది. అంటే పేగుల్లో పులిసిన పదార్థం కాలేయానికి ముడిసరుకుగా అందితే, ఆ మేరకు అమైనో ఆమ్లాలు కండరాల నిర్మాణానికీ మరమ్మతుకూ మిగులుతాయన్నమాట.

మాంసకృత్తులను ఆదా చేయడం వేరు, వాటి స్థానాన్ని భర్తీ చేయడం వేరు. ఆవుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఇలాంటి ఆమ్లాల నుంచే వస్తుంది. పిల్లికి వచ్చేది దాని ముందు బహు స్వల్పం. పైగా ప్రొపియోనేట్ గ్లూకోజుగా మారే దారిలో ఒక మెట్టు బి12 విటమిన్ లేనిదే ముందుకు సాగదు. ఆ విటమిన్ సహజంగా దొరికేది జంతు సంబంధమైన ఆహారంలోనే. పీచు నుంచి లాభం పొందాలన్నా పిల్లికి ఆ ఆసరా తప్పదు.

ఇక అన్నం సంగతి. మెత్తగా ఉడికిన అన్నంలోని పిండిపదార్థం చాలావరకు పిల్లి చిన్నపేగులోనే జీర్ణమైపోతుంది. చల్లారిన అన్నంలో జీర్ణానికి లొంగని పిండి కాస్త పెరుగుతుందన్నది నిజమే గాని, మొత్తం మీద బాక్టీరియాకు మిగిలేది తక్కువే. పులియడం బాగా కనిపించేది పాలు పోసినప్పుడు: ఎదిగిన చాలా పిల్లులకు పాలలోని చక్కెర అయిన లాక్టోజును జీర్ణించుకునే శక్తి తగ్గిపోతుంది కనుక, అది పెద్దపేగులో పులిసి ఆమ్లాలతో పాటు గ్యాస్‌ను, విరేచనాలను తెస్తుంది. పెరుగులో లాక్టోజు కొంత తగ్గి ఉంటుంది, అంతే తేడా. అన్నిటికన్నా పెద్ద లోటు టారిన్, అంటే పిల్లి మాంసాహారం నుంచి పొందవలసిన ఒక పోషకం. అన్నంలో అది లేదు, పెరుగులో ఉన్నది చాలదు. టారిన్ కొరతకూ పిల్లుల్లో గుండె కండరం బలహీనపడి సాగిపోయే జబ్బుకూ సంబంధాన్ని 1987లోనే నిరూపించారు.

అలాగని మెత్తని మాంసం ముక్కలొక్కటే పెట్టడమూ సరికాదు. జీర్ణం కాకుండా మిగిలిన మాంసకృత్తులు పెద్దపేగులో పులిస్తే అమ్మోనియా, ఇండోల్, ఫీనాల్ వంటివి పుడతాయి. వయసు పైబడి మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లుల రక్తంలో వీటి నుంచి తయారయ్యే విషపదార్థాలు పేరుకుంటాయి. ఘెంట్ పరిశోధకులే పిల్లి కుటుంబానికి చెందిన చీతాలకు ఒట్టి మాంసం బదులు మొత్తం కుందేలును పెట్టినప్పుడు ఇండోల్, ఫీనాల్ తగ్గాయి. బొచ్చు, మృదులాస్థి, చర్మం వంటివి అక్కడ పీచులా పనిచేశాయని వారి వివరణ. బియ్యం గోదాములో ఎలుకను పట్టి మొత్తంగా తినే పిల్లికి ఈ పీచు ఎవరూ చెప్పకుండానే అందుతోంది.

ఇంట్లో మాంసం వండలేని వారికి, పిల్లికి సంపూర్ణాహారమని స్పష్టంగా రాసి ఉన్న ప్యాకెట్ ఆహారమే నా దృష్టిలో నిజాయతీ గల దారి. దానిపై పెద్ద అక్షరాలతో ప్రీబయోటిక్ (పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాకు తిండి అయ్యే పీచు) అని ఉన్నా లేకపోయినా ముందుగా చూడవలసింది మాంసకృత్తుల శాతం, టారిన్. పొడి ఆహారానికి తోడు నీరు ధారాళంగా ఉండాలి. మధుమేహమో, ఊబకాయమో ఉన్న పిల్లికి పీచు ఎంత పెంచాలన్నది మాత్రం పశువైద్యుడు బరువు తూచి, రక్తపరీక్ష చూసి నిర్ణయించవలసిన విషయం.